ఒక టన్ను పొగ: మనకు 86 డాలర్లు, సౌదీకి 47 డాలర్లు.. ఈ బిల్లు ఎవరు కడుతున్నారు?

దమ్మామ్‌లో ఉండే మా మామూ ఫోన్ చేసినప్పుడల్లా రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు. అక్కడ ఎండ ఎలా ఉంది? పెట్రోలు ఎంత ఉంది? హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయలు అని చెప్పగానే నవ్వుతారు. ‘ఇక్కడ 2 రియాళ్ల 18 హలాలాలు బేటా, మీ లెక్కలో 50 రూపాయలు’ అంటారు. పక్కనే కూర్చున్న అమ్మీకి ఒళ్లు మండుతుంది. స్కూటర్‌లో పెట్రోలు పోయించుకునేది ఆవిడే కదా.

ఈసారి మాత్రం నేను ఊరుకోలేదు. ‘మామూ, బంకులో ఇచ్చేది ఒక బిల్లు. ఇంకో బిల్లు కూడా ఉంది, దాన్ని ఎవరూ మన చేతికివ్వరు’ అన్నాను. ‘ఎవరూ ఇవ్వని బిల్లు ఎవరు కడుతున్నారు మరి?’ అన్నారు మామూ. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పొగ సంగతి. లీటరు పెట్రోలు బరువు కిలో కూడా ఉండదు, సుమారు 740 గ్రాములు. అది మండితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ మాత్రం సుమారు 2.3 కిలోలు. బరువు పెరగడం విచిత్రంగా అనిపిస్తుంది కానీ కారణం తేలికే. పెట్రోల్లోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది, ఆ ఆక్సిజన్ బరువు కూడా చేరుతుంది. డీజిల్ అయితే లీటరుకు 2.7 కిలోల దాకా వస్తుంది. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గుతోనే తయారవుతుంది కాబట్టి, ఇంట్లో ఒక యూనిట్ వాడితే ఎక్కడో ఒక పవర్ ప్లాంటు చిమ్నీలోంచి సుమారు 700 గ్రాములు బయటికి వస్తుంది.

ఇప్పుడు బిల్లు సంగతి. బీకామ్‌లో మాకు ఎకనామిక్స్ సార్ ఒక ఉదాహరణ చెప్పేవారు. గల్లీలో ఒక బిర్యానీ హోటల్ ఉంది. మురుగు నీళ్లన్నీ రోడ్డు మీదికే వదులుతాడు. దోమలు పెరిగి చుట్టుపక్కల ఇళ్లలో పిల్లలకు జ్వరాలు వస్తాయి. ప్లేటు బిర్యానీ ధరలో బియ్యం ఉంది, మాంసం ఉంది, గ్యాస్ ఉంది, కిరాయి ఉంది. పక్కింటి పిల్లవాడి డాక్టర్ ఫీజు లేదు. ఆ ఫీజు కూడా బిర్యానీ ఖర్చే, కాకపోతే తిన్నవాళ్లు కాకుండా పక్కింటివాళ్లు కడుతున్నారు. కార్బన్ డయాక్సైడ్ విషయంలో ఈ పక్కింటివాళ్ల ఖర్చును డాలర్లలో లెక్కగట్టి, దానికి ‘కార్బన్ సామాజిక వ్యయం’ అని పేరు పెట్టారు. గాలిలోకి ఒక టన్ను అదనంగా వెళితే, అది ఉన్నంతకాలం పంటలకు, ఆరోగ్యానికి, పనికి, ఆస్తులకు కలిగే నష్టమంతా కలిపి ఈరోజు విలువలో ఎంత అన్నదే ఆ అంకె.

మామూలుగా ఈ అంకెను ప్రపంచం మొత్తానికి ఒకటిగా చెబుతారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో క్యాంపస్‌కు చెందిన క్యాథరిన్ రికే, మరో ముగ్గురు పరిశోధకులు 2018లో ‘నేచర్ క్లైమేట్ చేంజ్’ పత్రికలో దీన్ని దేశాలవారీగా విడగొట్టి చూపించారు. ప్రపంచానికి మొత్తం నష్టం టన్నుకు 417 డాలర్లు అని తేలింది. అందులో అన్నిటికంటే పెద్ద వాటా ఎవరిదనుకున్నారు? మనదే. భారత్‌కు టన్నుకు 86 డాలర్లు. తర్వాత అమెరికా 48. ఆ వెంటనే, ఒక్క డాలరు తేడాతో, సౌదీ అరేబియా 47. చైనా, బ్రెజిల్, యూఏఈ 24 దగ్గర ఉన్నాయి.

జాబితాలో మన దేశం, మనవాళ్లు బతుకుతెరువు కోసం వెళ్లిన దేశం ఇంత పైన ఉన్నాయి. నాకు ఈ విషయం మీద ఆసక్తి పుట్టింది అక్కడే.

ఒక్క మాట జాగ్రత్తగా గమనించాలి. 86 డాలర్లంటే భారత్ వదిలిన టన్నుకు అని కాదు. ఎవరు వదిలినా, ఎక్కడ వదిలినా, ప్రతి టన్ను వల్ల భారత్‌కు జరిగే నష్టం అది. రియాద్‌లో కారు నడిచినా, టెక్సాస్‌లో ఏసీ తిరిగినా, రామగుండంలో బొగ్గు మండినా ఒకటే. కార్బన్ డయాక్సైడ్‌కు పాస్‌పోర్టు లేదు, ఇఖామా లేదు. చివరికి ప్రపంచమంతటి గాలిలో కలిసిపోతుంది.

లీటరు పెట్రోలుకు ఈ లెక్క వేసి చూద్దాం. డాలరుకు 85 రూపాయలు అనుకుంటే, ఒక లీటరు మండించినందుకు ప్రపంచానికి పడే ఖర్చు సుమారు 82 రూపాయలు. అందులో 17 రూపాయలు భారత్ మీద, 9 రూపాయలు సౌదీ మీద పడతాయి. మిగతాది ఇతర దేశాలకు. మామూ కారులో పోసిన లీటరుకూ ఇంతే, అమ్మీ స్కూటర్‌లో పోసిన లీటరుకూ ఇంతే.

మనకే ఎందుకు ఎక్కువ?

మూడు కారణాలు కనిపిస్తాయి. మన దేశం ఇప్పటికే వేడిగా ఉంది, జనం ఎక్కువ, ముందు ముందు ఆర్థిక వ్యవస్థ బాగా పెరుగుతుందని అంచనా. పెరగాల్సింది ఎక్కువ ఉన్నచోట పోగొట్టుకునేది కూడా ఎక్కువే.

వేడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ లెక్కకు ఆధారంగా తీసుకున్న పరిశోధనల్లో ముఖ్యమైనది 2015లో వచ్చింది. ఒక దేశంలో ఏడాది సగటు ఉష్ణోగ్రత 13 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఆర్థిక ఉత్పత్తి బాగా సాగుతుందని, అక్కడి నుంచి వేడి పెరిగేకొద్దీ పడిపోతుందని అందులో తేల్చారు. మన సగటు ఎప్పుడో 13 దాటిపోయింది. సౌదీ సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే ఇంకొక డిగ్రీ పెరిగితే మనకు దెబ్బ, వాళ్లకూ దెబ్బ. రష్యా, కెనడా లాంటి చలి దేశాలకు మాత్రం ఇదే లెక్కలో లాభం కనిపిస్తుంది. ఉప్పు అమ్మేవాడు ఎండ కావాలంటాడు, గొడుగులవాడు వాన కావాలంటాడు.

వేడికీ ఆదాయానికీ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే, మే నెలలో అడ్డా మీద కూలీ కోసం నిలబడే మేస్త్రీని చూపిస్తే చాలు. మధ్యాహ్నం పని ఆగిపోతుంది, సగం రోజు కూలీ పోతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2030 నాటికి వేడి వల్ల భారత్ తన పనిగంటల్లో 5.8 శాతం కోల్పోతుంది. 3 కోట్ల 40 లక్షల మంది ఏడాదంతా చేసే పనికి అది సమానం. పొలాల్లో, ఇళ్ల నిర్మాణంలో పనిచేసేవాళ్లకే ఈ దెబ్బ ఎక్కువ. ప్రాణాల లెక్క వేరు. 2015 మే నెల వడగాలులకు దేశంలో రెండు వేలకు పైగా చనిపోతే, వాళ్లలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణవాళ్లే.

సౌదీలో కూడా ఇదే కథ, డబ్బు ఉన్న దేశం కాబట్టి వేరే తీరులో నడుస్తుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. మన జిల్లాల నుంచి వెళ్లి సైట్లలో పనిచేసేవాళ్లందరికీ తెలిసిందే. మంచి నిబంధన, కానీ అది కూడా ఖర్చే. రోజుకు మూడు గంటల పని, మూడు నెలలు. 2009 నవంబర్‌లో జెద్దాలో కొద్ది గంటల వానకే వరద వచ్చి వందమందికి పైగా చనిపోయారు. ఇక 2024 హజ్ మనందరికీ గుర్తుంది. జూన్ 17న మస్జిదుల్ హరామ్ దగ్గర 51.8 డిగ్రీలు నమోదైంది. ఆ హజ్‌లో 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వమే ప్రకటించింది. వాళ్లలో 83 శాతం అనుమతి లేకుండా వెళ్లినవాళ్లు, అంటే ఏసీ గుడారాలు, బస్సులు అందనివాళ్లు. మన దేశం నుంచి వెళ్లినవాళ్లలో, అన్ని కారణాలూ కలిపి, 98 మంది పోయారు. అల్లాహ్ వాళ్లందరినీ క్షమించుగాక. ఎండ అందరికీ ఒకటే, నీడ మాత్రం అందరికీ ఒకటి కాదని ఆ 83 శాతం చెబుతోంది.

డాలరుకు కనిపించనిది

86 కంటే 47 చిన్నది కాబట్టి సౌదీకి మనలో సగం నష్టమే అనుకుంటే పొరపాటు. తలకు లెక్కేసి చూడండి. 86 డాలర్లను 140 కోట్ల మందికి పంచాలి, 47 డాలర్లను 3 కోట్ల 20 లక్షల మందికి పంచాలి. కోటి మందికి ఎంత అని చూస్తే మన దగ్గర 61 సెంట్లు, అక్కడ 14 డాలర్ల 70 సెంట్లు. అంటే ప్రతి టన్నుకు సౌదీలో ఉండే మనిషికి పడే నష్టం మన మనిషికంటే 24 రెట్లు. నేను కాలిక్యులేటర్‌లో రెండుసార్లు చూసుకున్నాను.

సౌదీ మనిషి మనకంటే 24 రెట్లు బాధపడుతున్నాడా? కాదు. ఈ తేడాలో పెద్ద భాగం ఆదాయాల తేడానే. సౌదీ తలసరి ఆదాయం మనకంటే సుమారు పన్నెండు రెట్లు. ఈ పద్ధతిలో నష్టం అంటే పోయిన డబ్బు. ఎక్కువ సంపాదించేవాడి ఒక రోజు పోతే ఎక్కువ డాలర్లు పోయినట్టు. మన మేస్త్రీ సగం రోజు కూలీ పోతే నాలుగైదు డాలర్లు పోయినట్టు, అంతే. ఆ నాలుగైదు డాలర్లతోనే ఆ ఇంట్లో రాత్రి పొయ్యి వెలుగుతుందన్నది ఈ లెక్కలోకి రాదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు నీళ్లలో నానిపోయిన కుట్టుమిషన్ ధర ఎంత? మార్కెట్లో కొన్ని వేలు. ఆ మిషన్ మీద బతికే ఇంటికి ఎంత?

కాబట్టి 86 అనేది మన బాధను ఎక్కువ చేసి చెప్పిన అంకె కాదు. ఇంత పేద దేశం, డాలర్లలో కొలిచినా అందరికంటే పైన ఉందంటే, దెబ్బ తినే మనుషుల సంఖ్య ఎంత పెద్దదో ఊహించుకోండి. పేదవాడి రూపాయికి ఎక్కువ బరువు ఇచ్చి లెక్కించే పద్ధతులు కూడా ఆర్థిక శాస్త్రంలో ఉన్నాయి. అలా లెక్కిస్తే మన అంకె ఇంకా పైకే పోతుంది.

ఇంకో చిక్కు ఉంది, అది కామర్స్ చదివినవాళ్లకు బాగా తెలిసిందే. ఈ నష్టంలో ఎక్కువ భాగం ఇప్పుడు కాదు, ముప్పై ఏళ్లకో, యాభై ఏళ్లకో జరిగేది. అప్పటి లక్ష రూపాయల నష్టాన్ని ఈరోజు ఎంతగా చూడాలి? ఏడాదికి 2 శాతం చొప్పున తగ్గిస్తూ వస్తే యాభై ఏళ్ల తర్వాతి లక్ష ఈరోజు 37 వేలు. 5 శాతం అయితే 8,700. అదే 7 శాతం అయితే 3,400 మాత్రమే. శాతం మాట వినగానే మన ఇళ్లలో పెద్దవాళ్లు ‘వడ్డీనా?’ అని అడుగుతారు. ఇక్కడ ఎవరూ ఎవరికీ అప్పు ఇవ్వట్లేదు. మనవల కష్టాన్ని ఈరోజు మనం ఎంత చిన్నదిగా చూస్తున్నామో చెప్పే అంకె ఇది, అంతే.

ఈ ఒక్క అంకెను మార్చి, నష్టాన్ని ఎవరిదాకా లెక్కించాలన్నది మార్చి, అమెరికా ఏం చేసిందో చూడండి. ట్రంప్ మొదటి హయాంలో ‘మా దేశంలో జరిగే నష్టమే లెక్కిస్తాం’ అని, శాతం పెంచి, టన్ను ధరను 1 నుంచి 7 డాలర్ల మధ్యకు దించారు. 2021లో బైడెన్ వచ్చాక 51 డాలర్లు అయింది. 2023లో వాళ్ల పర్యావరణ సంస్థ 190 అంది. గాలి అదే, టన్ను అదే. రికే బృందం కూడా తమ 417కు ఇరువైపులా 177 నుంచి 805 దాకా పరిధి ఇచ్చింది. భారత్‌కు 49 నుంచి 157, సౌదీకి 27 నుంచి 86. కిరాణా బిల్లులాగా పైసలతో సహా సరిపోయే లెక్క కాదిది. అయినా సున్నా మాత్రం కాదు, బంకులో ఇప్పుడు మనకు కనిపిస్తున్నది ఆ సున్నాయే.

ఎవరు ఎవరికి బాకీ?

మామూ అసలు ప్రశ్న ఇదే. భారత్ ఏడాదికి సుమారు 300 కోట్ల టన్నులు వదులుతోంది, సౌదీ సుమారు 70 కోట్ల టన్నులు. సౌదీ పొగ వల్ల మనకు: 70 కోట్లు ఇంటూ 86, అంటే 6,020 కోట్ల డాలర్లు. మన పొగ వల్ల సౌదీకి: 300 కోట్లు ఇంటూ 47, అంటే 14,100 కోట్ల డాలర్లు.

నేను మొదలుపెట్టినప్పుడు జవాబు ఇలా వస్తుందని అనుకోలేదు. దేశానికి దేశం చూస్తే మనమే వాళ్లకు బాకీ.

కానీ తలకు చూస్తే లెక్క మళ్లీ తిరగబడుతుంది. సౌదీలో ఉండే ఒక్కొక్కరు ఏడాదికి 20 టన్నులకు పైగా వదులుతున్నట్టు, దానివల్ల భారత్‌కు సుమారు 1,880 డాలర్లు, అంటే లక్షా 60 వేల రూపాయల నష్టం. మన దగ్గర తలకు రెండు టన్నులు. దానివల్ల సౌదీకి సుమారు వంద డాలర్లు, 8,500 రూపాయలు. పైగా సౌదీ జనాభాలో పదిమందిలో నలుగురు బయటి దేశాలవాళ్లే. ఒక గదిలో ఆరుగురు, ఎనిమిది మంది పడుకునే మనవాళ్లు కూడా ఈ 20 టన్నుల సగటులో ఉన్నారు. వాళ్లు నిజంగా అంత వదులుతున్నారా? వాళ్ల గది చూసినవాళ్లెవరూ అలా అనరు.

మరి చమురు? పొగను మండించిన దేశం ఖాతాలోనే రాస్తారు, తవ్వి అమ్మిన దేశం ఖాతాలో కాదు. మన చమురులో 85 శాతానికి పైగా దిగుమతే, అమ్మేవాళ్లలో సౌదీది మొదటి వరుస. ఒక పీపా చమురు మండితే సుమారు 430 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 2018 లెక్క ప్రకారం ఆ పీపా ప్రపంచానికి చేసే నష్టం 179 డాలర్లు. అందులో 37 మనకు, 20 సౌదీకే. పీపాను 70 డాలర్లకు అమ్మిన రోజు కూడా ఆ 20 డాలర్ల దెబ్బ అమ్మినవాళ్ల ఎడారికే తిరిగి వెళుతుంది. కొన్నందుకు మనమా, అమ్మినందుకు వాళ్లా అన్నది తేలేది కాదు. నన్నడిగితే ఇద్దరం సగం సగం.

వసూలు సంగతి చూస్తే రెండు దేశాలూ రెండు రకాలు. మన దగ్గర పెట్రోలు మీద కేంద్రం ఎక్సైజు, రాష్ట్రం వ్యాట్ కలిపి లీటరుకు 40 రూపాయలకు పైగానే కడుతున్నాం. కార్బన్ పేరుతో కాకపోయినా, మన వాటా 17 రూపాయలకంటే అది ఎక్కువే. అమ్మీ స్కూటర్ విషయంలో ఎవరికీ బాకీ లేదని నేను ధైర్యంగా చెప్పగలను. బొగ్గు దగ్గరే తేడా. 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయల సెస్సు పెట్టి, 2016కు 400 చేశారు. టన్ను బొగ్గు నుంచి టన్నున్నర దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, అది టన్ను పొగకు మూడు డాలర్లు. 86 ముందు మూడు! 2017లో అది కూడా జీఎస్టీ పరిహార సెస్సులో కలిసిపోయి, రాష్ట్రాల పన్ను నష్టం పూడ్చడానికి పోయింది. స్కూటర్ మీద వెళ్లే సామాన్యుడి దగ్గర గట్టిగా వసూలు చేసి, పెద్ద బాయిలర్ల దగ్గర చూసీచూడనట్టు వదిలేయడం నాకు న్యాయంగా అనిపించదు.

సౌదీలో కార్బన్ పన్ను లేదు. 91 రకం పెట్రోలు ధర 2021 జూలైలో 2.18 రియాళ్ల దగ్గర ఆపి, తర్వాత ఏళ్ల తరబడి అక్కడే ఉంచారు. ఇళ్లకు కరెంటు నెలకు 6,000 యూనిట్ల దాకా యూనిట్ 18 హలాలాలు, మన నాలుగు రూపాయలు. ఆరు వేల యూనిట్లు! మన ఇంట్లో 300 దాటితే మీటరు రీడింగ్‌వాడితో గొడవ పెట్టుకుంటాం. అయితే 2030 నాటికి సగం కరెంటు సౌర, పవన విద్యుత్తు లాంటి వాటి నుంచే తేవాలని అక్కడి ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. నికర ఉద్గారాలు సున్నాకు తెచ్చే ఏడాది వాళ్లకు 2060, మనకు 2070.

ఇదంతా మామూకు మళ్లీ ఫోన్ చేసి చెప్పాను. ఆయన కారు ట్యాంకు 50 లీటర్లు. ఒకసారి నింపితే 115 కిలోల పొగ, భారత్‌కు సుమారు 840 రూపాయల నష్టం. నెలకు రెండుసార్లు నింపుతారు. ‘అయితే నెలకు 1,680 రూపాయలు మీకు బాకీ అన్నమాట’ అన్నారు మామూ. అమ్మీ స్కూటర్‌కు నెలకు 15 లీటర్లు, దానివల్ల సౌదీకి పడేది 138 రూపాయలు. అమ్మీ ఫోన్ లాక్కుని, ‘ఆ 138 తగ్గించుకుని మిగతాది ఈ నెల డబ్బులతో కలిపి పంపు భయ్యా’ అంది.